లాంగ్‌షిప్: పారిశ్రామిక కార్బన్‌కు నార్వే వేసిన ఉమ్మడి దారి

ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, ద్రవంగా మార్చి ఓడల్లో రేవుకు చేర్చి, అక్కడి నుంచి గొట్టం ద్వారా ఉత్తర సముద్రం అడుగున ఉన్న ఇసుకరాతి పొరల్లోకి ఎక్కించేందుకు నార్వే ప్రభుత్వం చేపట్టిన జాతీయ పథకం పేరు లాంగ్‌షిప్. నార్వే భాషలో లాంగ్‌స్కిప్ అంటారు. వైకింగులు సముద్రయానం చేసిన పొడవాటి ఓడల పేరే ఇది. 2020 సెప్టెంబరులో ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ ప్రభుత్వం దీన్ని ప్రకటించింది. అదే ఏడాది చివర పార్లమెంటు ఆమోదం లభించింది. 2025 జూన్‌లో బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో వాయువును పట్టే విభాగాన్ని అధికారికంగా ప్రారంభించారు. ఆగస్టులో మొదటి విడత వాయువు సముద్రం అడుగుకు చేరింది.

పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అని పిలిచిన ఈ వాయువును భూమిలో పాతిపెట్టడం నార్వేకు కొత్త కాదు. 1996 నుంచే చేస్తోంది. లాంగ్‌షిప్‌లోని కొత్తదనం యంత్రంలో కన్నా ఏర్పాటులో ఉంది. ఇందులో వాయువును పట్టేది ఒకరు, మోసి దాచేది మరొకరు. రవాణా, నిల్వ భాగానికి నార్తర్న్ లైట్స్ అని పేరు పెట్టారు. ఎక్వినోర్, షెల్, టోటల్‌ఎనర్జీస్ అనే మూడు చమురు సంస్థలు సమాన వాటాలతో 2021లో దీన్ని కంపెనీగా ఏర్పాటు చేశాయి. నిర్దేశించిన శుద్ధతతో వాయువును తెచ్చి రుసుము చెల్లించే ఏ ఫ్యాక్టరీ అయినా, ఏ దేశానిదైనా, ఇక్కడ చోటు కొనుక్కోవచ్చు. మొదటి ఫ్యాక్టరీ కోసం కట్టేటప్పుడే తరువాత రాబోయేవాళ్లకు కూడా సరిపోయేలా గొట్టాన్ని పెద్దదిగా వేశారు. పథకం అసలు కీలకం ఇదే.

సున్నపురాయి చిక్కు

కరెంటును ఎండ నుంచీ గాలి నుంచీ తీయవచ్చు, బండ్లను బ్యాటరీలతో నడపవచ్చు. సిమెంటు దగ్గర ఆ ఉపాయం చెల్లదు. బట్టీలో సున్నపురాయిని కాల్చినప్పుడు రాయే విడిపోయి సున్నంగానూ కార్బన్ డయాక్సైడ్‌గానూ మారుతుంది. 100 కిలోల శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల వాయువు చిమ్నీలోంచి పోతుంది. బట్టీని బొగ్గుతో మండించినా, కరెంటుతో వేడి చేసినా ఈ లెక్క మారదు. సిమెంటు తయారీలో వెలువడే వాయువులో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా రాయిలోంచి వచ్చేదే; ఇంధనం వాటా మిగిలినది మాత్రమే. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం ఉంటుంది.

ఇలాంటి చిక్కే ఉన్న పరిశ్రమలు మరికొన్ని ఉన్నాయి. ఎరువుల కోసం అమ్మోనియా చేసే ఫ్యాక్టరీలు సహజవాయువును విడగొట్టి హైడ్రోజన్ తీస్తాయి. మిగిలేది కార్బన్ డయాక్సైడ్. నగరాల చెత్తను కాల్చి వేడినీళ్లూ కరెంటూ ఇచ్చే ప్లాంట్లు చెత్త ఉన్నంతకాలం పొగ వదులుతూనే ఉంటాయి. ఈ పొగను ఆపాలంటే ఫ్యాక్టరీ మూసెయ్యాలి, లేదా పొగలోని వాయువును పట్టుకోవాలి.

పట్టుకున్నాక ఎక్కడ పెట్టాలన్నది రెండో చిక్కు. సిమెంటు ఫ్యాక్టరీని సున్నపురాయి దొరికేచోట కడతారు. వాయువును వేల ఏళ్లు దాచగల ఇసుకరాతి పొర ఆ ఊరి కిందే ఉండడం అరుదు. పొరను వెతకాలి, భూకంప తరంగాలతో సర్వే చెయ్యాలి, బావి తవ్వాలి, గొట్టం వెయ్యాలి. ఏటా నాలుగు లక్షల టన్నుల వాయువు వదిలే ఒక ఫ్యాక్టరీ ఇదంతా సొంతంగా చేసుకోవడం ఇంటింటికీ ఒక మురుగుశుద్ధి కేంద్రం కట్టుకోవడం లాంటిది. పైగా గొట్టాల లెక్క ఉమ్మడి వాడకానికే అనుకూలం: గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే అది మోయగల సరుకు నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది, ఖర్చు మాత్రం అంతగా పెరగదు.

మరి ఆ ఉమ్మడి గొట్టం ఎవరు వేస్తారు? వాయువు తెచ్చేవాళ్లు ఖాయం కానిదే నిల్వ సంస్థ బావి తవ్వదు. బావి సిద్ధం కానిదే ఫ్యాక్టరీ పట్టే యంత్రాలు పెట్టదు. విత్తు ముందా చెట్టు ముందా అన్న ఈ తగువులో రెండు పక్షాలూ దశాబ్దాల తరబడి ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చున్నాయి. నార్వే ప్రభుత్వం రెండింటికీ ఒకేసారి డబ్బు పెట్టి ఆ ముడి విప్పింది.

నేపథ్యం

1991లో నార్వే తన సముద్ర చమురు క్షేత్రాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌పై పన్ను వేసింది. ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రంలో దొరికే సహజవాయువులో కార్బన్ డయాక్సైడ్ 9 శాతం దాకా ఉండేది. కొనుగోలుదారులు 2.5 శాతానికి మించి ఒప్పుకోరు కాబట్టి మిగిలినదాన్ని ఎలాగూ వేరుచెయ్యాల్సిందే. వేరుచేసిన దాన్ని గాలిలో వదిలి పన్ను కట్టడం కన్నా తిరిగి భూమిలోకి ఎక్కించడమే చవక అని తేలింది. అలా 1996లో, సముద్రం అడుగు నుంచి వెయ్యి మీటర్ల లోపు లోతులో ఉన్న ఉట్సీరా ఇసుకరాతి పొరలోకి ఏటా పది లక్షల టన్నుల దాకా వాయువు ఎక్కించడం మొదలైంది. వాతావరణాన్ని కాపాడే ఉద్దేశంతో పారిశ్రామిక స్థాయిలో జరిగిన మొదటి నిల్వ ఇదేనని సాధారణంగా చెబుతారు. దాని వెనుక ఉన్నది ఆదర్శం కన్నా పన్ను.

ఈ వాయువు నార్వే రాజకీయాల్లో ప్రభుత్వాలను కూల్చేంత బరువైన విషయం. సహజవాయువుతో నడిచే విద్యుత్ కేంద్రాలను కార్బన్ పట్టకుండా అనుమతించాలా వద్దా అన్న వివాదంపైనే 2000 మార్చిలో ప్రధాని షెల్ మాగ్నె బొన్దెవిక్ విశ్వాస పరీక్షలో ఓడిపోయి దిగిపోయారు. 2005లో ఈ రంగం కోసమే గాస్నోవా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2007 కొత్త సంవత్సరం ప్రసంగంలో ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ మోంగ్‌స్టాడ్ రిఫైనరీ దగ్గర పూర్తిస్థాయి కార్బన్ ప్లాంటు కడతామని ప్రకటించి, అది దేశానికి చంద్రుడి మీద అడుగుపెట్టడం లాంటిదన్నారు. ఖర్చు పెరుగుతూ పోయింది, గడువులు జరుగుతూ పోయాయి. 2013 సెప్టెంబరులో, ఎన్నికల్లో ఓడి దిగిపోబోతున్న అదే ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దుచేసింది. చంద్రయానం పోయినా అక్కడ 2012లో తెరిచిన సాంకేతిక పరీక్షా కేంద్రం మాత్రం నిలిచింది. వాయువును పట్టే రకరకాల ద్రావణాలను అక్కడ పరీక్షించారు.

మోంగ్‌స్టాడ్ వైఫల్యం నుంచి నేర్చుకున్నది తరువాతి ప్రణాళికలో కనబడుతుంది. ఈసారి విద్యుత్ కేంద్రాలను వదిలేసి, వేరే మార్గం లేని పరిశ్రమలను ఎంచుకున్నారు. ఒకే చోట ఒకే పెద్ద ప్లాంటు కాకుండా గొలుసులోని ఒక్కో కడియాన్ని ఒక్కొక్కరికి అప్పగించారు. 2016 అధ్యయనాల్లో మూడు ఫ్యాక్టరీలు మిగిలాయి: బ్రెవిక్‌లోని నోర్సెమ్ సిమెంటు ఫ్యాక్టరీ, ఓస్లో శివార్లలో క్లెమెట్స్‌రూద్ చెత్త ప్లాంటు, పోర్స్‌గ్రున్‌లోని యారా అమ్మోనియా ఫ్యాక్టరీ. 2018 నాటికి యారా ఫ్యాక్టరీ జాబితా నుంచి తప్పుకుంది. అదే కంపెనీ కొన్నేళ్ల తరువాత తన డచ్ ఫ్యాక్టరీతో, రాయితీ పొందే పరిశ్రమగా కాక డబ్బు చెల్లించే వినియోగదారుగా తిరిగి వచ్చింది.

బ్రెవిక్‌లో పట్టే విధానం

బ్రెవిక్ ఫ్యాక్టరీ 1916 నుంచి ఉంది. ఇప్పుడు జర్మన్ సంస్థ హైడెల్‌బర్గ్ మెటీరియల్స్ చేతిలో ఉన్న ఈ ఫ్యాక్టరీ ఏటా 4 లక్షల టన్నుల వాయువును పట్టాలి. అది ఫ్యాక్టరీ మొత్తం ఉద్గారాల్లో దాదాపు సగం. మిగతా సగం ఎందుకు వదిలేశారన్న ప్రశ్నకు జవాబు వేడి లెక్కల్లో ఉంది.

బట్టీ నుంచి వచ్చే పొగను ముందు చల్లార్చి, ధూళీ గంధకమూ తీసేసి, ఎత్తైన గోపురంలోకి పంపుతారు. అక్కడ పైనుంచి అమైన్ అనే రసాయనం కలిసిన నీళ్లు ధారగా దిగుతుంటాయి, కిందనుంచి పొగ పైకి వెళుతుంటుంది. అమైన్ కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే పట్టుకుంటుంది. నత్రజని, ఆక్సిజన్ దాటిపోతాయి. వాయువుతో నిండిన ద్రావణాన్ని రెండో గోపురంలో దాదాపు 120 డిగ్రీల వేడి చేస్తే పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. ద్రావణం మళ్లీ మొదటి గోపురానికి వెళుతుంది, శుద్ధ వాయువు కంప్రెసర్లకు వెళుతుంది. ఈ విద్యలో ఖర్చంతా ఆ వేడి దగ్గరే. అమైన్ బిగించిన పిడికిలి విప్పించడానికి బోలెడంత ఆవిరి కావాలి. దానికోసం మళ్లీ ఇంధనం మండిస్తే పట్టినదానిలో కొంత తిరిగి గాలిలో కలిసినట్టే. బ్రెవిక్‌లో సిమెంటు బట్టీ వృథాగా వదిలే వేడినే దీనికి వాడుకుంటారు. ఆ వేడి ఎంతవరకు సరిపోతుందో అంతవరకే పట్టాలని ప్లాంటు పరిమాణాన్ని నిర్ణయించారు. అందుకే సగం.

నడుస్తున్న ఫ్యాక్టరీ మధ్యలో, బట్టీ ఆపకుండా, ఇరుకు స్థలంలో ఈ గోపురాలను నిలబెట్టాల్సి వచ్చింది. కొత్త ఫ్యాక్టరీతో పాటు కట్టడం కన్నా పాత ఫ్యాక్టరీకి అతికించడం ఎప్పుడూ కష్టం. ప్రపంచంలో పారిశ్రామిక స్థాయిలో కార్బన్ పట్టే మొదటి సిమెంటు ఫ్యాక్టరీ ఇదే.

ఓడ, రేవు, గొట్టం

వాతావరణ పీడనంలో కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవరూపం లేదు. చల్లబరిస్తే నేరుగా గడ్డ కడుతుంది, ఆ గడ్డను వదిలేస్తే నేరుగా ఆవిరవుతుంది. నాటకాల్లో పొగమంచు కోసం వాడే డ్రై ఐస్ అదే. ద్రవంగా ఉంచాలంటే 5 బార్లకు పైగా పీడనం తప్పనిసరి. నార్తర్న్ లైట్స్ ఎంచుకున్నది సుమారు 15 బార్ల పీడనం, సున్నాకు 26 డిగ్రీల దిగువ ఉష్ణోగ్రత. ఆహార, పానీయ పరిశ్రమలకు ఈ వాయువును మోసే చిన్న ఓడలకు ఇదే పద్ధతి అలవాటు కాబట్టి కొత్త ప్రయోగాల అవసరం తగ్గింది. ద్రవంగా మార్చడం వల్ల కలిగే లాభం చిన్నది కాదు. వాయురూపంలో 500 ఘనమీటర్లకు పైగా చోటు ఆక్రమించే ఒక టన్ను, ద్రవమయ్యాక ఒక ఘనమీటరులో ఇమిడిపోతుంది.

మొదటి ఓడలు నార్తర్న్ పయనీర్, నార్తర్న్ పాత్‌ఫైండర్ చైనాలోని దాలియన్ నౌకాశాలలో తయారయ్యాయి. 130 మీటర్ల పొడవున్న ఒక్కో ఓడ 7,500 ఘనమీటర్ల సరుకు, అంటే దాదాపు 8,000 టన్నులు మోస్తుంది. ఇవి ద్రవీకృత సహజవాయువుతో నడుస్తాయి. గాలి ఊతం తీసుకునేందుకు డెక్కు మీద తిరిగే స్తంభం లాంటి తెరచాప అమర్చారు. కార్బన్‌ను పాతిపెట్టడానికి మోసే ఓడ తానే మరీ ఎక్కువ కార్బన్ వదిలితే లెక్క తప్పుతుందన్న జాగ్రత్త ఇది.

గొట్టం ఉండగా ఓడ దేనికన్న సందేహం రావచ్చు. ఎక్కువ సరుకు తక్కువ దూరం పోవాలంటే గొట్టమే మేలు. కానీ బాల్టిక్ తీరంలో, డెన్మార్క్‌లో, నెదర్లాండ్స్‌లో విడివిడిగా ఉన్న ఫ్యాక్టరీలన్నిటికీ గొట్టం వెయ్యడానికి ఏళ్లు పడుతుంది. ఒక ఫ్యాక్టరీ మూతపడితే ఆ గొట్టం నిరుపయోగమవుతుంది. ఓడ మాత్రం మరో రేవుకు వెళుతుంది. ఇంకా ఎవరు చేరతారో తెలియని వ్యవస్థకు ఓడ ఇచ్చే వెసులుబాటు చాలా విలువైనది.

ఓడలు చేరే రేవు బెర్గెన్ నగరానికి పడమరన ఓయ్‌గార్డెన్ ద్వీప ప్రాంతంలో ఉంది. 2024 సెప్టెంబరులో దాని నిర్మాణం పూర్తయినట్టు ప్రకటించారు. ఓడ దించిన ద్రవాన్ని నిలువు ట్యాంకుల్లో నింపి, పంపులతో పీడనం పెంచి, సముద్రం అడుగున వేసిన సుమారు 100 కిలోమీటర్ల గొట్టంలోకి పంపుతారు. ఓడ వచ్చేది అప్పుడప్పుడే అయినా బావిలోకి ధార తెగకుండా పోతూండాలి. ట్యాంకులు ఆ తేడాను సర్దుతాయి.

ఉమ్మడి వ్యవస్థలో పెద్ద పేచీ శుద్ధత దగ్గర వస్తుంది. తడి తగిలిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. ఒక ఫ్యాక్టరీ పంపిన ఆక్సిజన్, మరో ఫ్యాక్టరీ పంపిన గంధకం, మూడోదాని నైట్రోజన్ ఆక్సైడ్లు గొట్టంలో కలిస్తే విడివిడిగా చెయ్యని హాని కలిసి చెయ్యగలవు. నార్తర్న్ లైట్స్ నియమాల ప్రకారం పది లక్షల భాగాల్లో నీరు 30 భాగాలకు మించకూడదు. ఇతర మలినాలకూ ఇలాంటి కఠిన పరిమితులే ఉన్నాయి. శుద్ధిచేసే భారమంతా ఫ్యాక్టరీ మీద పడుతుంది కాబట్టి ఈ సంఖ్యలు బేరసారాల్లో ధరతో సమానమైన బరువు గలవి.

సముద్రం అడుగున

మొదట స్మేయాహైయా అనే చోటును అనుకున్నారు. తరువాత ట్రోల్ గ్యాస్ క్షేత్రానికి దక్షిణాన ఉన్న అరోరా ప్రాంతానికి మారారు. 2019 జనవరిలో దానికి నిల్వ అనుమతి లభించింది. ఇయోస్ అనే బావిని 2020 మార్చి నాటికే తవ్వి చూశారు. పార్లమెంటు డబ్బు మంజూరు చెయ్యకముందే కంపెనీలు ఆ బావికి ఖర్చుపెట్టాయి. పొర సరిగా లేదని తేలితే పథకం అక్కడితో ఆగిపోయేది కాబట్టి ఆ తొందర సబబే.

వాయువు చేరేది సముద్రం అడుగు నుంచి ఇంకా సుమారు 2,600 మీటర్ల లోతున ఉన్న యోహాన్సెన్, కుక్ అనే ఇసుకరాతి పొరల్లోకి. అక్కడ ఖాళీ గుహలేవీ ఉండవు. ఇసుక రేణువుల మధ్య సందుల్లో ఉప్పునీరు నిండి ఉంటుంది. వాయువు ఆ నీటిని పక్కకు నెట్టి చోటు చేసుకుంటుంది. 31 డిగ్రీల వేడి, 74 బార్ల పీడనం దాటితే కార్బన్ డయాక్సైడ్ వాయువూ కాని ద్రవమూ కాని స్థితికి వస్తుంది. ద్రవంలా చిక్కగా ఉంటూ వాయువులా సందుల్లోకి పాకుతుంది. సాధారణంగా 800 మీటర్లకు మించిన లోతులో ఈ స్థితి సాధ్యం. చిక్కబడినా ఉప్పునీటి కన్నా తేలికే కాబట్టి పైకి లేవాలని చూస్తుంది. డ్రేక్ అనే షేల్ రాతి పొర పైన మూతలా పరుచుకుని దాన్ని ఆపుతుంది. కాలం గడిచేకొద్దీ కొంత వాయువు స్పాంజిలో నీరులా సందుల్లో చిక్కుకుపోతుంది, కొంత ఉప్పునీటిలో కరుగుతుంది. కరిగిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. చాలా నెమ్మదిగా కొంత భాగం ఖనిజంగా మారుతుంది.

పొరల ప్రవర్తనను ముందే పూర్తిగా లెక్కకట్టడం కష్టమని నార్వేకు అనుభవం ఉంది. ఉత్తరాన స్నోవిట్ క్షేత్రంలో 2008లో వాయువు ఎక్కించడం మొదలుపెడితే, ఎంచుకున్న పొరలో అనుకున్న దానికన్నా త్వరగా పీడనం పెరిగింది. 2011లో మరో పొరకు మారాల్సి వచ్చింది. స్లైప్నర్‌లో కొన్నేళ్లకోసారి భూకంప తరంగాలతో తీసే చిత్రాలు వాయువు ఎటు పాకుతోందో చూపుతున్నాయి. లాంగ్‌షిప్ పర్యవేక్షణ పద్ధతి ఆ అనుభవం మీదే నిలిచింది.

ఖర్చు, పూచీ

2020లో వేసిన అంచనా ప్రకారం నిర్మాణానికీ మొదటి పదేళ్ల నిర్వహణకూ కలిపి 2,510 కోట్ల క్రోనర్లు అవుతాయి. అందులో ప్రభుత్వ వాటా 1,680 కోట్లు, అంటే దాదాపు మూడింట రెండు వంతులు. ఆ తరువాత ఖర్చు అంచనా పెరిగింది. యూరప్‌లో కార్బన్ ఉద్గార హక్కుల ధర పట్టి దాచే ఖర్చు కన్నా తక్కువగా ఉన్నంతకాలం లాభం కోసం ఎవరూ ఈ పనికి ముందుకు రారు. ఆ తేడాను ఖజానా భరించింది. ప్రతిగా ప్రభుత్వం కోరింది ఒక్కటే: మిగులు సామర్థ్యాన్ని ఇతరులకు అమ్మాలి, నేర్చుకున్నది దాచుకోకూడదు.

డబ్బు కన్నా పెద్ద ప్రశ్న పూచీది. వందేళ్ల తరువాత వాయువు బయటికి వస్తే ఎవరిని అడగాలి? కంపెనీలు అంతకాలం ఉండవు. యూరోపియన్ యూనియన్ 2009లో చేసిన చట్టం ప్రకారం బావిని మూసిన తరువాత సాధారణంగా కనీసం 20 ఏళ్లు కంపెనీదే బాధ్యత. నిల్వ స్థిరంగా ఉందని నిరూపించాక అది ప్రభుత్వానికి బదిలీ అవుతుంది. ఆ తరువాతి పర్యవేక్షణ కోసం కంపెనీ ముందే డబ్బు కట్టాలి. నార్వే కూడా ఇదే చట్రాన్ని తన చట్టాల్లో చేర్చుకుంది. రైలు, రహదారి, విద్యుత్ లైన్ల విషయంలో ఎదురుకాని ప్రశ్న ఇది. ఉమ్మడి కార్బన్ నిల్వను ప్రభుత్వం లేకుండా కట్టడం దాదాపు అసాధ్యం కావడానికి ప్రధాన కారణం ఈ దీర్ఘకాలపు పూచీయే.

సరిహద్దు దాటే వాయువు

సముద్రంలో వ్యర్థాలు పారబొయ్యడాన్ని నిషేధించే లండన్ ప్రోటోకాల్ ఈ పథకానికి అడ్డం వచ్చింది. 2006లో చేసిన సవరణ సముద్రం అడుగు పొరల్లో కార్బన్ నిల్వను అనుమతించింది. కానీ ఒక దేశపు వ్యర్థాన్ని మరో దేశానికి ఎగుమతి చెయ్యకూడదన్న నిబంధన అలాగే ఉంది. దాన్ని సడలించే 2009 సవరణ చాలినన్ని దేశాలు ఆమోదించక అమలులోకి రాలేదు. చివరికి 2019లో నార్వే, నెదర్లాండ్స్ చొరవతో, సిద్ధంగా ఉన్న దేశాలు దాన్ని తాత్కాలికంగా అమలు చేసుకోవచ్చని సభ్యదేశాలు తీర్మానించాయి. 2024 ఏప్రిల్‌లో నార్వే డెన్మార్క్, బెల్జియం, నెదర్లాండ్స్, స్వీడన్‌లతో విడివిడి ఒప్పందాలు చేసుకుంది. పదేళ్లు కాగితం మీద ఇరుక్కున్న ఓడ అలా కదిలింది.

విస్తరణ

నార్తర్న్ లైట్స్ మొదటి దశ సామర్థ్యం ఏటా 15 లక్షల టన్నులు. బ్రెవిక్‌వి 4 లక్షలు. నెదర్లాండ్స్‌లోని స్లౌస్‌కిల్ యారా ఫ్యాక్టరీ 8 లక్షలకు, డెన్మార్క్ విద్యుత్ సంస్థ ఓర్‌స్టెడ్ తన రెండు కేంద్రాల నుంచి 4.3 లక్షలకు 2023లో ఒప్పందాలు చేసుకున్నాయి. కూడితేనే పరిమితి దాటింది. 2025 మార్చిలో స్వీడన్‌కు చెందిన స్టాక్‌హోమ్ ఎక్సెర్జీ ఏటా 9 లక్షల టన్నుల దాకా పంపేందుకు సంతకం చేసింది. కట్టెచెత్తను మండించే ఆ ప్లాంటు పొగలోని కార్బన్ చెట్లు గాలి నుంచి తీసుకున్నదే కాబట్టి, దాన్ని పాతిపెడితే గాలిలో ఉన్నది నికరంగా తగ్గుతుంది. అదే నెలలో 750 కోట్ల క్రోనర్లతో సామర్థ్యాన్ని కనీసం 50 లక్షల టన్నులకు పెంచే రెండో దశకు కంపెనీలు పచ్చజెండా ఊపాయి. దీనికి యూరోపియన్ యూనియన్ 13.1 కోట్ల యూరోలు ఇస్తోంది. 2028 రెండో సగంలో అది పనిలోకి రావాలి.

క్లెమెట్స్‌రూద్ దారి ఇంత సాఫీగా సాగలేదు. ఓస్లో నగరంలో అతిపెద్ద ఏకైక ఉద్గార స్థానమైన ఈ చెత్త ప్లాంటు నిర్మాణం ఖర్చు పెరగడంతో 2023 ఏప్రిల్‌లో ఆగింది. అంచనాలు సవరించుకుని 2025 జనవరిలో తిరిగి మొదలైంది. 2029లో పూర్తయ్యాక ఏటా 3.5 లక్షల టన్నులు పట్టాలన్నది లక్ష్యం. రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి కొన్నేళ్లు వెనకబడినా మొత్తం గొలుసు తెగకపోవడం ఉమ్మడి ఏర్పాటు బలాన్ని చూపుతుంది. మోంగ్‌స్టాడ్ కాలంలో అయితే అక్కడితో కథ ముగిసేది.

ఇతర దేశాల బాటలు

నెదర్లాండ్స్ రోటర్‌డామ్ రేవులో పోర్తోస్ పేరిట గొట్టం వేస్తోంది. రేవు యాజమాన్యం, గ్యాస్ గొట్టాల సంస్థ గాసూనీ, ఇంధన సంస్థ ఈబీఎన్, ఈ మూడు ప్రభుత్వ రంగ సంస్థలే యజమానులు. రేవులోని రిఫైనరీలు, హైడ్రోజన్ ప్లాంట్ల నుంచి ఏటా 25 లక్షల టన్నులు తీసుకుని, తీరానికి 20 కిలోమీటర్ల దూరంలో ఖాళీ అయిన గ్యాస్ క్షేత్రాల్లో నింపుతారు. నిర్మాణ సమయపు నత్రజని కాలుష్యంపై కోర్టు వివాదం తేలాక 2023 అక్టోబరులో తుది నిర్ణయం జరిగింది. అంతకుముందు బారెన్‌డ్రెఖ్ట్ పట్టణం కింద నిల్వ చెయ్యాలన్న షెల్ ప్రతిపాదనను స్థానికులు ప్రతిఘటించడంతో 2010లో వదులుకున్నారు. యూరప్ చూపు ఎక్కువగా సముద్రం వైపే ఉండడానికి ఆ పట్టణం కూడా ఒక కారణం.

బ్రిటన్ 2015లో వంద కోట్ల పౌండ్ల పోటీని చివరి నిమిషంలో రద్దుచేసి పరిశ్రమ నమ్మకం పోగొట్టుకుంది. 2024 అక్టోబరులో 25 ఏళ్లలో 2,170 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామని ప్రకటించింది. టీసైడ్, లివర్‌పూల్ తీరాల్లోని పారిశ్రామిక సముదాయాలకు ఒక్కో గొట్టపు వ్యవస్థ ఉంటుంది. నీటి, విద్యుత్ సరఫరా సంస్థల తరహాలో వాటి రాబడిని నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. కెనడాలోని ఆల్బర్టాలో 2020 నుంచి నడుస్తున్న 240 కిలోమీటర్ల ట్రంక్ లైన్ ఏటా 1.46 కోట్ల టన్నులు మోయగలదు. కానీ అది వాయువును చేర్చేది పాత బావుల నుంచి మరింత చమురు తోడడానికి. అమెరికాలో టన్నుకు 85 డాలర్ల దాకా పన్ను రాయితీ ఉన్నా, మధ్య పశ్చిమ రాష్ట్రాల గుండా వెయ్యదలచిన నావిగేటర్ గొట్టపు మార్గాన్ని 2023 అక్టోబరులో విరమించుకున్నారు. రైతులు భూములివ్వలేదు, రాష్ట్రాలు అనుమతులివ్వలేదు.

ప్రమాదాలు, విమర్శలు

2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో సటార్షియా అనే ఊరి దగ్గర కార్బన్ డయాక్సైడ్ గొట్టం పగిలింది. ఈ వాయువు గాలి కన్నా బరువు. మంటలు రేగవు, నేలబారుగా పరుచుకుని ఊపిరి ఆడనివ్వదు. ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు కూడా ఆగిపోయాయి. ఎవరూ చనిపోలేదు గానీ 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. సముద్రం అడుగున వేసిన గొట్టానికి ఊళ్ల బెడద లేకపోవడం నార్వే పద్ధతికి అనుకూలం.

పర్యావరణ సంస్థల ఆక్షేపణ మరోచోట ఉంది. చమురు, గ్యాస్ అమ్మి బతికే దేశం, చమురు కంపెనీల చేత, ప్రజాధనంతో కార్బన్ పాతిపెట్టించడం ఆ వ్యాపారానికి ఆయుష్షు పొయ్యడమేనని వారు అంటారు. నార్తర్న్ లైట్స్ రెండో దశ మొత్తం కలిపినా ఏటా 50 లక్షల టన్నులు. ప్రపంచం ఏటా శిలాజ ఇంధనాల నుంచి వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైమాటే. ఈ ఆక్షేపణలో పస ఉంది. అయితే అది విద్యుత్ రంగానికి వర్తించినంత బలంగా సిమెంటుకు వర్తించదు. బొగ్గు విద్యుత్తుకు ప్రత్యామ్నాయం చవకగానే దొరుకుతోంది. సున్నపురాయికి అంత పెద్ద ఎత్తున మరో ముడిసరుకు ఇంకా దొరకలేదు.

భారతదేశం

ప్రపంచంలో సిమెంటు తయారీలో చైనా తరువాతి స్థానం భారత్‌ది. 2022 నవంబరులో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక కార్బన్ పట్టడం, వాడటం, నిల్వచెయ్యడంపై విధాన చట్రాన్ని సూచిస్తూ, పక్కపక్కనున్న ఫ్యాక్టరీలను ఒకే రవాణా, నిల్వ వ్యవస్థకు కలిపే సముదాయాల పద్ధతినే సిఫారసు చేసింది. దక్కను పీఠభూమి నల్లరాతి పొరల్లో ఈ వాయువు ఖనిజంగా మారి స్థిరపడగలదా అన్న అంశంపై హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అధ్యయనాలు చేసింది. ఐస్‌లాండ్‌లో అలాంటి అగ్నిపర్వత శిలలోకి ఎక్కించిన వాయువులో అత్యధిక భాగం రెండేళ్లలోనే రాయిగా మారిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఉమ్మడి గొట్టపు మార్గం కావాలంటే ఫ్యాక్టరీలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. సున్నపురాయి గనుల వెంట సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా వెలసిన నల్గొండ, పల్నాడు, కడప ప్రాంతాలకు ఆ లక్షణం ఉంది. అయితే పలు ఫ్యాక్టరీల కార్బన్‌ను మోసి భూమిలో శాశ్వతంగా దాచే ఉమ్మడి వ్యవస్థ 2025 నాటికి దేశంలో ఒక్కటీ పనిలోకి రాలేదు.